అవతలి గట్టు సాక్షి

నీలిరంగు ఆరేదాకా నవ్వకూడదట. నవ్వితే బుగ్గల మీద పగుళ్ళు తేలి లోపలి చర్మం కనబడుతుందట. శంఖసరస్సు రేవులో మొహాలకు రంగు పూసే మనిషి ఈ జాగ్రత్త చెప్పినప్పుడు, నన్ను నవ్వించేవాళ్ళు ఎవరున్నారు గనక అనుకున్నాడు శరభుడు. అయినా, ఎవరో తెలియకైతేనేం, ఒక మనిషి తన మొహంలోకి చూసి మాట్లాడాడన్న సంతోషంతో, అక్కర్లేకపోయినా ఇంకో పొర పూయించుకున్నాడు.

అంత సంతోషం ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

పూర్వం ఈ ఏడు రాజ్యాలూ చీటికీ మాటికీ కత్తులు దూసుకునేవి. చివరికి పెద్దలంతా విసిగిపోయి యుద్ధాలు మానేసి, వాటి బదులు చెండాట పెట్టారు. సరస్సు మధ్యనున్న మిట్ట మీద మైదానం. మైదానానికి తూర్పు గట్టు మీద ఒక రాజ్యం జనం, పడమటి గట్టు మీద ఇంకో రాజ్యం జనం. చెండును కాలితో తన్ని రాతి తోరణం దాటించాలి. చెయ్యి తగలకూడదు, మంత్రం అసలే తగలకూడదు. ఏడాది చివర గెలిచినవాళ్ళకు సరస్సు తూముల మీద పెత్తనం. ఆ దెబ్బతో నెత్తురు పారడం ఆగిపోయి తిట్లు పారడం మొదలైంది. వాటిని మాత్రం ఆటకు తీర్పులు చెప్పే ధర్మపీఠం కూడా ఆపలేకపోయింది.

శరభుడు తామ్రగిరి రాజ్యం కమ్మరివాడలో పుట్టినవాడు. అతని ఎడమకాలి దెబ్బకు చెండు గాలిలో కొడవలి వంపు తిరిగేది. కిందటి ఎండాకాలం నీలకుల్య రాజ్యంతో జరిగిన ఆటలో అలాగే వంచి తోరణం దాటించాడు. తూర్పు గట్టంతా ఎగిరి గంతేసింది. అంతలోనే నీలకుల్య నాయకుడు మణికేతుడు, "మంత్రం! సోదా చెయ్యండి!" అని కేక పెట్టాడు. చేశారు. శరభుడి మణికట్టు తాడు కింద చిటికెన వేలంత మంత్రపు వేరు దొరికింది. ఆట కొట్టేశారు, తామ్రగిరి జట్టును ఆ ఏటికి గెంటేశారు, శరభుడికి మాటవెలి వేశారు.

మాటవెలి అంటే కొట్టరు, తిట్టరు, బంధించరు. ఏడు రాజ్యాల్లో ఒక్క మనిషీ మాట్లాడకూడదు, అంతే. మాట్లాడినవాళ్ళకూ అదే శిక్ష. నీళ్ళడిగితే చెంబు అరుగు మీద పెట్టి లోపలికి పోయేవారు. భుజాన మోసిన జట్టువాళ్ళు దారి మళ్ళేవారు. అతని అక్క పాపం కొన్నాళ్ళు వాకిట్లో మేకపిల్లతో మాట్లాడుతున్నట్టు, "అన్నం ఉట్టి మీద ఉందే, తినమను" అంటుండేది. ఎవడో మహానుభావుడు ఫిర్యాదు చేశాడు. మేకతో మాట్లాడినా మాటే అని ధర్మపీఠం తీర్పిచ్చింది. ఆ మర్నాటినుంచి ఉట్టి మీద అన్నం ఉండేది గాని, ఉందని చెప్పేవాళ్ళు లేరు.

బయటపడే దారి ఒక్కటే. నిందపడ్డవాడి తరఫున ఎవరైనా మిట్ట మీద ధర్మపీఠం ముందు సాక్ష్యం చెప్పాలి. సొంత గట్టువాళ్ళు చెబితే చెల్లదు, అభిమానంతో కళ్ళు మూసుకుపోతాయి కాబట్టి. అవతలి గట్టువాళ్ళే చెప్పాలి. ఆ ఏటి చివరి ఆటకు నగారా మోగేలోగా చెప్పకపోతే శిక్ష నియమస్తంభం మీద చెక్కేస్తారు. చెక్కితే ఇక జన్మంతా అంతే. ఆ చివరి ఆట ఈ రోజే, మిట్టమధ్యాహ్నం.

నిన్ననే శరభుడు మాంత్రికుడు ధూమకుండుడి గుహలోంచి ప్రాణాలు దక్కించుకుని బయటపడ్డాడు. ఆ మంత్రపు వేరు ఆ గుహలో మొలిచిందే, దాని జాడ పట్టుకునే అడవులు దాటి అక్కడికి చేరాడు. తప్పించుకునే ముందు హోమం పొగలో ఒక దృశ్యం చూశాడు. ఆనాటి పడమటి గట్టు. వేల నీలి మొహాలు, అన్నీ ఒకేసారి చెండు పోతున్న వైపు తిరిగాయి. ఒక్క తల మాత్రం ఇంకోవైపు చూస్తోంది. ఆ తల ఎవరిదో కనబడేలోగా పొగ చెదిరిపోయింది. వెనక నుంచి ధూమకుండుడి అరుపు వినబడింది, "నా వేరు గుట్టు విప్పే ఆ కళ్ళు మిట్ట చేరకముందే పొడిపించేస్తాను!" అని.

అందుకే ఈ నీలిరంగు. తనను దొంగ అని తిట్టేవాళ్ళ మధ్య కూర్చుని, చెండు కాకుండా ఇంకేదో చూసిన మనిషిని పట్టుకోవాలి.

* * *

ఏ ఆటా తప్పని నీలకుల్య అభిమానుల్ని మిట్టకు చేర్చే హంసముఖి పడవ కాదు, నీటి మీద కదిలే పేట. ముందు భాగాన పగడపు ముక్కుతో చెక్కిన హంస, దాని మెడలో చామంతి దండలు, తెరచాపల నిండా నీలకుల్య వారి మొసలి బొమ్మలు. రెండు వరసల తెడ్లు ఒక్కసారి నీళ్ళలో మునిగి ఒక్కసారి లేచేవి. లేచినప్పుడల్లా తుంపర్ల మీద ఎండ పడి రంగులు విరిసేవి. అడుగున తెల్లటి శంఖాలు పరుచుకున్న ఆ సరస్సు అద్దంలా మెరుస్తోంది. కలువల మధ్య గుంపులుగా కూర్చున్న బాతులు పడవ దగ్గరికొస్తే బద్ధకంగా పక్కకు జరిగేవి. గెలిస్తే కొట్టడానికని పడవ మధ్యలో పీచు ఒలవని కొబ్బరికాయల్ని గుట్టగా పోశారు. ఓడితే ఏం చెయ్యాలో ఎవరూ ఆలోచించినట్టు లేదు.

ఆ అందం చూసేవాడు ఒక్కడూ లేడు. అందరూ వాదించుకుంటున్నారు.

"ఏవయ్యా, కిందటేడు శ్వేతకోటవాళ్ళు చెండుకి ఆముదం రాసుకొచ్చారా, లేదా?" అని గొంతు చించుకుంటున్నవాడు పైడయ్య, ఉప్పు వర్తకుడు. బొజ్జ మీద కూడా మొసలి బొమ్మ వేయించుకున్నాడు. "రాసుకొచ్చారు! ధర్మపీఠం ఏం చేసింది? ఇంకోసారి చెయ్యకండి నాయనా అని బుజ్జగించింది. అదే మనోడు ఒకడు పొరపాట్న చెయ్యి తగిలిస్తే ఏడాది ఆడొద్దంది. ఇదేం న్యాయం?"

"పొరపాటున కాదు పైడయ్యా. రెండు చేతులా పట్టుకుని పరిగెత్తాడు," అన్నాడు శేషాచారి. ఈయన నియమాలన్నీ కంఠతా పట్టినవాడు. బక్కపలచని మనిషి, నీలిరంగు కూడా నియమం ప్రకారం నుదుటి మీద మాత్రమే పూసుకున్నాడు.

"ఆవేశంలో పరిగెత్తాడండీ! వయసులో ఉన్నోడు!"

"నియమం అందరికీ ఒకటే ఉండాలి కదా?"

"ఉండాలి. నేనూ అదే మొత్తుకుంటున్నాను."

"అయితే మనకూ ఉండాలి."

"మనకెందుకండీ? మనం తప్పు చెయ్యం కదా!" అన్నాడు పైడయ్య. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఇంత న్యాయమైన మాట ఈ మధ్యకాలంలో వినలేదన్నట్టు తలలూపారు.

శరభుడు తెరచాప తాడు పక్కన ఒదిగి కూర్చుని వింటున్నాడు. అన్యాయం ఎవరికి జరిగిందో పడవలో తెలిసింది తనకు, మహా అయితే ఇంకొక్కరికి. అయినా అతనికి కోపం రాలేదు. ఇన్ని గొంతులు వినబడి ఎన్నాళ్ళయిందో. సరస్సంత తిట్లు తిట్టినా సరే, వీళ్ళు ఆపకుండా మాట్లాడుతూ ఉంటే బాగుండుననిపించింది.

"ఏం తమ్ముడూ, మూగనోము పట్టావా?" పైడయ్య అతని వీపు మీద చరిచాడు. "నీది ఏ ఊరు?"

"సరస్సు దక్షిణపు ఒడ్డండీ. తిప్పన్న అంటారు."

"అన్నం తిన్నావా? మొహం చూస్తే తిన్నట్టు లేదు. ఇంద," అని ఆకు పొట్లం విప్పి నాలుగు పెసరగారెలు చేతిలో పెట్టాడు. "ఇప్పుడు చెప్పు. ఆ తామ్రగిరి శరభుడి గురించి నీ మాటేంటి?"

గారె గొంతులో అడ్డుపడింది. పడవంతా ఇటు తిరిగింది. శరభుడు కిందికి చూస్తూ, "దొంగండీ," అన్నాడు. "శరభుడు పచ్చి దొంగ."

జనం కేరింతలు కొట్టారు. పైడయ్య అతన్ని దగ్గరికి లాక్కుని భుజం చుట్టూ చెయ్యి వేశాడు. తన పేరు తనే తిట్టుకుంటే గాని తన భుజం మీద ఒక చెయ్యి పడలేదని తలుచుకునేసరికి శరభుడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రంగు చెరుగుతుందని భయపడి గబుక్కున తల పైకెత్తాడు.

"చూడండి, కుర్రాడికి ఎంత అభిమానమో! ఏడుస్తున్నాడు!" అన్నాడు పైడయ్య. "రా తమ్ముడూ, ఆ ఆట మళ్ళీ ఆడి చూపిస్తాను."

కండువా నేల మీద పరిచారు. తామ్రగిరివాళ్ళకు చింతపిక్కలు, నీలకుల్యవాళ్ళకు గవ్వలు, చెండుకు ఒక గురిగింజ. మణికేతుడికి మాత్రం మామూలు గవ్వ పనికిరాదని పైడయ్య పట్టుబట్టాడు. అప్పుడు అంచున కూర్చున్న ఒక ముసలామె కొంగుముడి విప్పి పసుప్పచ్చటి పెద్ద గవ్వ తీసి ఇచ్చింది. ఇచ్చేముందు దాన్ని బుగ్గకు ఆనించుకుంది.

"గవరమ్మ. మణికేతుడు ఆట మొదలెట్టిన రోజునుంచీ ఒక్కటి తప్పకుండా చూసింది," అని పైడయ్య శరభుడి చెవిలో చెప్పాడు. "ఇంటో ఎవరూ లేరు పాపం. ఊళ్ళోకొస్తే పలకదు. గట్టు మీద కూర్చుంటే మాత్రం మనందరికంటే పెద్ద గొంతు."

ఆట మొదలైంది. పైడయ్య గురిగింజను చిటికెన వేలితో నెడుతూ, మధ్యమధ్య రెండు పక్షాల కేకలూ తనే వేస్తూ ఆడిస్తున్నాడు. మంచి ఆటగాడే, కండువా మీద. గురిగింజ ఎటు పోతే అటు అన్ని కళ్ళూ పరిగెత్తాయి. శరభుడి కళ్ళు మాత్రం మనుషుల మీద ఉన్నాయి. అందుకే అతనికి కనబడింది.

గవరమ్మ గురిగింజను చూడటం లేదు. అది ఈ చివర ఉంటే, ఆ చివర ఊరికే నిలబడి ఉన్న పసుప్పచ్చ గవ్వనే చూస్తోంది. దాన్ని పక్కకు జరిపితే ఆమె కళ్ళు జరిగాయి. ఆటంతా ఆమెకు ఆ ఒక్క గవ్వే.

పొగలో చూసిన తల ఈమెదేనని శరభుడికి తెలిసిపోయింది.

సరిగ్గా అప్పుడే పైడయ్య చింతపిక్కను తోరణానికి ఎదురుగా పెట్టి, "ఇదిగో, ఇక్కణ్ణుంచి తన్నాడు! ఎదురుగా ఉన్నవాడికి చెండు వంచాల్సిన పనేంటి? మంత్రం కాకపోతే?" అన్నాడు.

"అక్కణ్ణుంచి కాదు," అన్నాడు శరభుడు.

నోరు మూసుకోవలసింది. ఒంటరిగా అడవులు దాటినవాడు, గుహలో మాంత్రికుణ్ణి బోల్తా కొట్టించినవాడు, తన ఆటను తప్పుగా ఆడుతుంటే మాత్రం ఊరుకోలేకపోయాడు. ఏ ఆటగాడూ ఊరుకోలేడు. చింతపిక్కను తీసి కుడిపక్కకు బాగా జరిపాడు.

"ఇక్కణ్ణుంచి. పొద్దు తిరిగింది, ఎండ సూటిగా కళ్ళలో కొడుతోంది. తోరణం సగమే కనబడుతోంది. ముందు ఇద్దరు అడ్డం ఉన్నారు. వంచకపోతే దారి లేదు."

శేషాచారి మెల్లగా మెడ చాచాడు.

"ఎండ ఎవరి కళ్ళలో కొట్టింది నాయనా? పడమటి గట్టు మీద కూర్చున్న మనకు ఎండ వీపు మీద పడుతుందే!"

శరభుడు బదులు వెతుక్కునేలోగా నడినెత్తికి వస్తున్న ఎండ చటుక్కున మసకబారింది.

* * *

ఉత్తరం నుంచి నీటికాకుల దండు దిగింది. మామూలు నీటికాకులు కావవి. ఒళ్ళంతా మసి, ముక్కులు ఇనుపవి, ధూమకుండుడి హోమగుండంలో కాలి గట్టిపడ్డవి. దిగుతూనే పడవ అడుగు చెక్కల్ని టకటకమని పొడవసాగాయి. తెరచాప పేలికలైంది. హంస ముక్కు ఊడి నీళ్ళలో పడింది. తెడ్లవాళ్ళు తెడ్లు వదిలేసి బల్లల కింద దూరారు. నాలుగు కాకులు మాత్రం దేన్నీ పట్టించుకోకుండా ఒకేచోటికి దూసుకొచ్చాయి. గవరమ్మ కళ్ళ మీదికి.

శరభుడు ఆలోచించలేదు. కొబ్బరికాయల గుట్ట దగ్గరికి ఒక్క గెంతు గెంతి, ఒక కాయను పాదంతో పైకి లేపి తన్నాడు. ముందున్న కాకి ముక్కలై నీళ్ళలో రాలింది. రెండో కాయ, రెండో కాకి. మూడోది తప్పించుకోబోయి నాలుగోదానికి గుద్దుకుంది. రెండింటికీ కలిపి ఒకే కాయ సరిపోయింది. గవరమ్మ కండువా మీది తన గవ్వను కొంగున ముడేసుకుని బల్ల కిందికి జారింది.

"బాబోయ్! చచ్చాన్రోయ్!" స్తంభం వెనక నుంచి పైడయ్య కేక. దండంతటికీ పెద్దదైన కాకి అతని జుట్టు పట్టుకుని ముక్కు ఎత్తింది. శరభుడికీ దానికీ మధ్య తెరచాప స్తంభం అడ్డం. సూటిగా తన్నితే కాయ స్తంభానికి తగులుతుంది. చుట్టూ తిరిగి వెళ్ళే వ్యవధి లేదు.

శరభుడు రెండడుగులు వెనక్కి వేసి ఎడమకాలితో తన్నాడు.

కాయ కుడికి పోయింది. పోయి పోయి, అందరూ తప్పిందనుకునే చోట గాలిలో కొడవలి వంపు తిరిగి, స్తంభాన్ని రాసుకుంటూ వెనక్కి వెళ్ళి కాకి నెత్తి మీద దిగింది. మిగిలిన దండు అరుచుకుంటూ ఉత్తరానికి లేచిపోయింది. చిల్లులు పడ్డ హంసముఖి ఒక పక్కకు ఒరిగి, ఇసుకతిన్నె మీదికెక్కి కూలబడింది. నడుముల్లోతు నీళ్ళలో పడుతూ లేస్తూ అందరూ తిన్నె చేరారు.

చేరాక చూసుకుంటే శరభుడి మొహాన చుక్క రంగు లేదు.

"అదే వంపు," అన్నారెవరో. "ఆ రోజు చూసిన వంపే."

ఇప్పుడు కాయలో మంత్రం లేదు, మణికట్టు మీద వేరు లేదు. కళ్ళారా చూశారు. ఇకనైనా నమ్ముతారని శరభుడు ఆశగా వాళ్ళ మొహాలు చూశాడు.

"చూశారా!" అన్నాడు పైడయ్య, జుట్టు సవరించుకుంటూ. "ఇంకా మంత్రం వదల్లేదు వాడికి!"

ఔనౌనన్నారు. ఆ కాయతోనే పైడయ్య ప్రాణం దక్కిందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. అభిమానం అంటే అదే మరి. తర్వాత ఎవరూ చెప్పకుండానే ఒకరి తర్వాత ఒకరు వెనక్కి తిరిగారు. ఇసుకతిన్నె నిండా వీపులు. పొద్దున్నుంచి తనతో నవ్విన వీపులు, తనను తోసుకుంటూ కూర్చున్న వీపులు. అందరికంటే ఆఖరున పైడయ్య తిరిగాడు. తిరిగేముందు మొలలోంచి తడిసిన గారెల పొట్లం తీసి ఇసుక మీద పెట్టాడు, ఎక్కడో చూస్తూ.

అడవిలో ఒంటరిగా ఉన్నప్పుడు శరభుడికి ఇంత నొప్పి పుట్టలేదు. అక్కడ చెట్లు వీపు తిప్పవు.

గవరమ్మ నీళ్ళంచున విడిగా కూర్చుంది. ఆమె వీపు కూడా ఇటే ఉంది. శరభుడు నాలుగడుగుల దూరంలో ఆగాడు.

"అమ్మా, నువ్వు బదులు చెప్పనక్కర్లేదు. విను చాలు. ఆ రోజు చెండు తోరణంలో పడుతుంటే అందరూ చెండునే చూశారు. నేనూ చెండునే చూస్తున్నాను. అప్పుడే మణికేతుడొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. తోరణం దాటించినవాడి చెయ్యి అవతలి నాయకుడు పట్టుకోవడం మర్యాదే కదా, అందుకని నేను తిరిగి చూడలేదు. నువ్వు మాత్రం అతన్నే చూస్తున్నావు. ఏం చూశావో నీకు తెలుసు. నగారా మోగితే నేను బతికినంత కాలం నా పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఉండరు. ఇంక నీ ఇష్టం."

ఆమె కొంగుముడి విప్పి గవ్వ తీసి అరచేతిలో పెట్టుకుంది.

"చూశావా మణీ," అంది గవ్వతో. "నీ కోసం గొంతు పోయేలా అరిచాను. నా ఇంటో నాతో మాట్లాడే దిక్కు లేదురా. గట్టు మీదికొస్తే, నువ్వు తోరణం దాటించినప్పుడు, పక్కనున్నోళ్ళు నన్ను వాటేసుకుంటారు. ఏడాదిలో నన్ను మనుషులు ముట్టుకునేది అప్పుడే. నువ్వు ఆ కుర్రాడి తాడు కిందికి వేరు తొయ్యడం నేను చూశాను. చూసి, ఇంటికెళ్ళి తలుపేసుకున్నాను. చెబితే నువ్వు పోతావు, నాకీ గట్టూ పోతుంది."

వీపుల్లో కలకలం పుట్టింది. మణికేతుడా? మన మణికేతుడేనా? ఒక్కడూ తిరగలేదు గాని, అందరి చెవులూ ఇటే ఉన్నాయి.

"గవరమ్మా!" శేషాచారి అటు తిరిగే హెచ్చరించాడు. "వస్తువుతో మాట్లాడుతున్నట్టు మాట్లాడినా మాటే. మేక విషయంలో తీర్పు ఉంది. ఇప్పటికే తప్పు చేశావు. ఇంకొక్క మాట అంటే నీకూ వెలే."

దూరాన మిట్ట మీద నీలిజెండా సగం కొయ్యెక్కింది. పూర్తిగా ఎక్కగానే నగారా. గవరమ్మ జెండాను చూసింది, గవ్వను చూసింది. దాన్ని బుగ్గకు ఆనించుకుని, తిరిగి కొంగున ముడి వేసుకుంది. అప్పుడు మోకాళ్ళ మీద చేతులూని లేచి, ఈ తిన్నె మీద ఎవరూ చెయ్యని పని చేసింది. ఇటు తిరిగింది.

"శరభా," అంది.

అతను పలకలేదు. ఆ పేరుకు పలకడం మరిచిపోయాడు. ఎవరినో పిలుస్తున్నారనుకుని వెనక్కి చూశాడు.

"నిన్నే, శరభా. పడవ వెనక కట్టిన దోనె ఉంది, విప్పు. నీ వెలి తొలగితే నా వెలీ తొలగుతుంది. లేకపోతే ఇద్దరం కలిసి పోదాం."

"ఆపండి! ఆ ముసల్ది మన జట్టును ముంచేస్తుంది!" పైడయ్య దోనె వైపు పరిగెత్తాడు. ఇద్దరు ముగ్గురు కదిలారు. వాళ్ళకు అడ్డంగా బక్కపలచని శేషాచారి చేతులు చాచి నిలబడ్డాడు. నుదుటి మీద నీలిరంగు ఇంకా చెదరలేదు.

"సాక్షి మిట్టకు వెళతానంటే దారి ఆపకూడదు. అదీ నియమమే," అన్నాడు.

"మనం ఓడిపోతామయ్యా!"

"ఓడిపోతాం. నియమం అందరికీ ఒకటే ఉండాలని పొద్దున్నుంచీ నువ్వే కదయ్యా మొత్తుకున్నావు!"

శేషాచారి తన చేత్తోనే దోనె తాడు విప్పి వదిలాడు. ఆ వెంటనే గవరమ్మకు వీపు తిప్పాడు, ఆమె ఇప్పుడు వెలిమనిషి కాబట్టి. మిగతావాళ్ళూ ఆమెకు వీపులు తిప్పేశారు. పొద్దున తన పక్కన కూర్చున్నవాళ్ళ వంక ఆమె ఒక్కసారి చూసి దోనెలో కూర్చుంది. శరభుడు పొట్లం తీసి ఆమె ఒళ్ళో పెట్టి తెడ్డు అందుకున్నాడు.

తిన్నె వెనకబడింది. జెండా కొయ్య చివరికి ఇంకా మూరెడే ఉంది. ఉత్తరాన లేచిపోయిన దండు మళ్ళీ కూడుకుని, ఈసారి సరస్సు మీద నల్లటి పందిరి వేస్తూ తిరిగి వస్తోంది. దాని మధ్యలో పొగతో అల్లిన రథం, అందులో జడలు విరబోసుకున్న ధూమకుండుడు. దోనెలో కొబ్బరికాయలు లేవు.

"శరభా! కుడివైపు రెల్లులోకి తిప్పు!" అని అరిచింది గవరమ్మ. అదే, గట్టు మీద అందరికంటే పెద్ద గొంతు.

ఇనుప ముక్కుల చప్పుడు నెత్తిమీదికి వచ్చేసింది. అంత ప్రమాదంలోనూ అతను తెడ్డు వెయ్యడం ఒక్క క్షణం ఆలస్యం చేశాడు. ముందు బదులు చెప్పాలి కదా.

"ఆఁ, అమ్మా!" అన్నాడు.